రోజ్‌మేరీ కొమ్మ నాటాలంటే: గోదావరి డెల్టాలో ఏ పద్ధతి, ఏ ఇసుక, ఏ నెల

రోజ్‌మేరీ పుట్టిల్లు మధ్యధరా సముద్రపు ఒడ్డు. రాతి గుట్టల మీద, నీళ్లు నిలవని పలచటి నేలలో పెరిగే మొక్క. అక్కడ వాన పడేది చలికాలంలో, వేసవంతా పొడిగా ఉంటుంది. మన డెల్టాలో అంతా తలకిందులు. జూన్‌లో మొదలైన వాన కార్తీకం దాకా వదలదు. మధ్యలో తుపాన్లు. నేల చూస్తే చెప్పుకి అంటుకుంటే రాని నల్ల బంకమట్టి. గాలిలో ఎప్పుడూ చెమ్మే. అయినా కుండీలో ఈ మొక్కను ఇక్కడ బతికించుకోవచ్చు, ఒక్క మొక్క నుంచి పది చేసుకోవచ్చు. జుట్టుకు రోజ్‌మేరీ నీళ్లు పట్టించే అలవాటు వచ్చాక ఒక్క మొక్క ఎవరికీ చాలడం లేదు కూడా.

కొమ్మ నాటడం గురించి వెతికితే దొరికే సూచనల్లో ఎక్కువ భాగం చలిదేశాల వాళ్లకు చెప్పినవి. కవర్ కప్పండి, రోజూ ఆకుల మీద నీళ్లు చిలకరించండి అంటారు. వాళ్ల ఇళ్లలో హీటర్ల వేడికి గాలి ఎండిపోతుంది కాబట్టి అక్కడ అది సరైన మాటే. మనకు కొమ్మ ఎండి చావడం తక్కువ, కుళ్లి చావడమే ఎక్కువ. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికకూ మేం పెట్టుకున్న కొలత ఒకటే: మట్టిలో ఉన్న కొమ్మ అడుగుకి గాలి అందుతుందా, లేదా?

విత్తనమా, కొన్న మొక్కా, నేల అంటా, కొమ్మా

విత్తనం పొట్లం జోలికి వెళ్లకండి. రోజ్‌మేరీ విత్తనం తాజాదైనా మొలక శాతం తక్కువ. మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. వచ్చిన మొలక వంటకి, తలకి పనికొచ్చేంత మొక్క కావడానికి ఏడాది దాటుతుంది. పైగా విత్తనపు మొక్కకు తల్లి మొక్క వాసనే వస్తుందన్న నమ్మకం లేదు.

మొక్క కొనడం ఎలాగూ తప్పదు, కొమ్మ తీసుకోవడానికి ఒక తల్లి మొక్క కావాలి కదా. కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్తే మూడు సంగతులు చూసి తీసుకోండి. ఆకు నలిపితే కర్పూరం, నీలగిరి తైలం కలిసినట్టు ఘాటుగా వాసన రావాలి. మొదలు దగ్గర కాండం గట్టిగా, పొడిగా ఉండాలి. గోరుతో నొక్కితే మెత్తగా దిగిపోయే మొక్కకు అప్పటికే కుళ్లు పట్టినట్టు. కవర్ అడుగు చిల్లుల్లోంచి కనిపించే వేళ్లు తెల్లగా ఉండాలి, గోధుమ రంగులో జారుగా ఉండకూడదు. ఇక నాలుగోది అడిగి తెలుసుకోవాల్సింది: ఈ మొక్క ఇక్కడ ఒక వానాకాలం గడిపిందా, లేక పోయిన వారమే పైప్రాంతం నుంచి లారీ దిగిందా? నీలగిరుల్లాంటి చల్లటి చోట పెరిగి వచ్చిన మొక్క మన ఉక్కకు అలవాటు పడేలోపే పోవచ్చు. ఇక్కడ ఒక వానాకాలం నిలిచిన మొక్క కాస్త వంకరగా ఉన్నా అదే మేలు.

నేల అంటు అంటే తల్లి నుంచి కొమ్మను వేరు చేయకుండానే వేరు పట్టించడం. కిందికి వాలిన పొడుగాటి కొమ్మను పక్కనే పెట్టిన ఇసుక కుండీలోకి వంచాలి. మట్టిలో దిగే చోట ఆకులు తీసి, అడుగువైపు బెరడు ఒక అంగుళం మేర పలచగా గీరి, తీగ ముక్కను వెంట్రుకల పిన్నులా వంచి గుచ్చి, పైన రెండు అంగుళాల ఇసుక పోసి చిన్న రాయి పెట్టాలి. రెండు మూడు నెలలు పడుతుంది. తల్లి మొక్క నీళ్లు అందిస్తూనే ఉంటుంది కాబట్టి ఇది చెడిపోవడం చాలా అరుదు. కానీ ఒకసారికి ఒకటో రెండో మొక్కలే వస్తాయి, నిటారుగా పెరిగే మొక్కకు వంచడానికి కొమ్మే దొరకదు.

కొమ్మ ముక్కతో అయితే నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేరు, ఆరు నెలలకు కోసుకునేంత మొక్క. ఒక మోస్తరు తల్లి మొక్క నుంచి ఎనిమిది పది ముక్కలు తీయవచ్చు. అందులో సగం బతికినా లాభమే. మా సలహా ఇది: కార్తీకం చివర్లో ఒక మంచి మొక్క కొని, ఆ వారంలోనే ఆరు ముక్కలు తీసి నాటండి. తల్లి తర్వాత పోయినా పిల్లలు మిగులుతాయి. వాలిన కొమ్మ ఉంటే ఒక నేల అంటు కూడా వేయండి.

ఏ రెమ్మ తీయాలి

రోజ్‌మేరీ కూడా తులసి, పుదీనాల కుటుంబమే. పుదీనా కాడ నీళ్లలో వేస్తే వారానికల్లా వేరు వస్తుంది కదా, ఇదీ అంతే అనుకుంటారు. పుదీనాది నీటి కాడ. రోజ్‌మేరీది చేవ కట్టే కొమ్మ. ఎక్కడ తెంపాం అన్నదాన్ని బట్టే ఫలితం ఉంటుంది.

ఒక కొమ్మను కొస నుంచి కిందికి వేళ్లతో తడుముతూ రండి. పైన రెండు మూడు అంగుళాలు లేత ఆకుపచ్చగా, పలకలు పలకలుగా ఉంటుంది. వంచితే అలాగే వాలిపోతుంది. ఇంకొంచెం కిందికి వస్తే రంగు గోధుమకు తిరుగుతూ ఉంటుంది. వంచి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. దాని కింద బెరడు గరుకుగా, ముదురు గోధుమగా మారి, వంచితే టక్కున విరుగుతుంది. లేతది ఇసుకలో కుళ్లుతుంది. ముదురుది నెలల తరబడి పచ్చగా ఉండి కూడా వేరు పోయదు. కావలసింది ఆ మధ్య దోర భాగం అడుగున, లేత కొస పైన ఉండే 4 నుంచి 5 అంగుళాల ముక్క. పూత ఉన్న రెమ్మ వద్దు, దాని బలమంతా పువ్వుకే పోతుంది.

సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్‌గా అమ్మే రోజ్‌మేరీ రెమ్మలకు వేరు రాదని కాదు. కానీ రోజులు రోజులు ఫ్రిజ్‌లో ఉండి వచ్చినవి కాబట్టి పది నాటితే రెండు మూడు నిలిస్తే అదృష్టం. దగ్గరలో మొక్క దొరకని వాళ్లకే అది దారి.

తెంపేది పొద్దున్నే. కొత్త బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కణుపుకి సరిగ్గా కింద కోయండి. అడుగు సగం, అంటే రెండు రెండున్నర అంగుళాల మేర ఆకులు తీసేయాలి. ఇక్కడే చాలామంది చేయి జారుతుంది. ఆకును పట్టి కిందికి లాగితే దానితో పాటు సన్నటి బెరడు పీలిక లేచి వస్తుంది. ఆ గాయం దగ్గరే నలుపు మొదలవుతుంది. చిన్న కత్తెరతో ఒక్కొక్క ఆకూ మొదట్లో కత్తిరించడం నిదానమైన పనే, కానీ పది ముక్కలకు పదిహేను నిమిషాలకు మించదు. ఇసుకలో ఒక్క ఆకు కూడా కూరుకుపోకూడదు.

నీళ్ల గ్లాసా, ఇసుకా, కొబ్బరి పొట్టా, ఊకా

నీళ్ల గ్లాసు చూడ్డానికి బాగుంటుంది, వేరు కళ్లెదుటే వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇది పనిచేస్తుంది కూడా. మిగతా నెలల్లో వంటింటి గట్టు మీద గ్లాసులో నీళ్లు వేడెక్కుతాయి. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, కొమ్మ అడుగు జిగురు కడుతుంది. ఈ పద్ధతే కావాలంటే అడుగు ఒక్క అంగుళమే మునిగేలా పెట్టి, రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వేరు అర అంగుళం రాగానే కుండీకి మార్చేయండి. మూడు నాలుగు అంగుళాలు పెరగనిస్తే ఆ నీటి వేళ్లు పెళుసుగా ఉండి, నాటేటప్పుడు విరుగుతాయి. విరగనివి కూడా మట్టికి అలవాటు పడటానికి కష్టపడతాయి. నీళ్లలో వేరు వచ్చిందని సంతోషించి, కుండీలో పెట్టిన పది రోజులకే మొక్క పోయిందంటే కారణం ఇదే.

ఇసుక డెల్టాకు సరైన దినుసు. గోదావరి ఇసుక గరుకు గింజ, ఉప్పు ఉండదు. ఇల్లు కడుతున్న చోట రెండు దోసిళ్లు అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు కడిగితే పోతుందని ప్రయోగాలు చేయకండి. తెచ్చిన ఇసుకను ముందు గులకరాళ్లు పోయేలా జల్లించండి. తర్వాత బకెట్‌లో వేసి నీళ్లు పోసి కలియబెట్టి, పైన తేలిన మట్టి నీళ్లు ఒంపేయండి. నాలుగైదు సార్లకు నీళ్లు తేటబడతాయి. ఆ సన్నటి ఒండ్రే గింజల మధ్య గాలి సందులను మూసేసేది. చివరగా మరుగుతున్న నీళ్లు పోసి వడకట్టి చల్లార్చితే బూజు విత్తులు చాలావరకు చస్తాయి. తడి ఇసుకను పిడికిట్లో నొక్కి చేయి తెరిస్తే ముద్దగా నిలవకుండా విడిపోవాలి. నిలిచిందంటే ఇంకా కడగాలి.

ఉత్త ఇసుకకు లోపం లేకపోలేదు. త్వరగా ఆరిపోతుంది, అందులో వచ్చే వేళ్లు లావుగా, పిల్లవేళ్లు తక్కువగా ఉంటాయి. దానికి విరుగుడు మన రైస్‌మిల్లుల దగ్గరే ఉంది: నల్లగా కాలిన ఊక. పెర్లైట్‌ను, అంటే మట్టి గుల్లగా ఉండేందుకు కలిపే తెల్లటి తేలిక గుళికలను, ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వాళ్లు ఒకసారి దీన్ని వాడి చూడండి. గింజ ఆకారం చెడకుండా బొగ్గయిన ఊక తేలిగ్గా ఉంటుంది, తడి కొంచెం పట్టుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. తెల్లగా, బూడిదగా మారిపోయింది మాత్రం తేవద్దు. అది తడిస్తే ముద్దలా బిగుసుకుంటుంది, క్షారం కూడా ఎక్కువ. నల్ల ఊకను కూడా ఒకసారి కడిగే వాడాలి. పచ్చి ఊక అసలు పనికిరాదు, కుండీలోనే కుళ్లడం మొదలుపెడుతుంది.

కోనసీమలో ఉన్నవాళ్లకు కొబ్బరి పొట్టు వాకిట్లో దొరికే సరుకు. కానీ అది తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది, మన గాలిలో ఆరదు. ఉత్త పొట్టులో నాటిన రోజ్‌మేరీ అడుగు నల్లబడటం ఖాయమని లెక్కేసుకోండి. పీచు మిల్లు నుంచి నేరుగా తెచ్చిన పొట్టులో ఉప్పు కూడా ఉండవచ్చు, టీ డికాషన్ రంగు నీళ్లు దిగుతాయి. నీళ్లు తేటబడే దాకా నానబెట్టి పిండాలి. వాడితే ఇసుక మూడు పాళ్లకు పొట్టు ఒక పాలు, అంతకు మించొద్దు.

మా ఓటు ఇసుక రెండు పాళ్లు, కడిగిన నల్ల ఊక ఒక పాలుకు. ఊక దొరకకపోతే ఉత్త ఇసుక. ఆ తర్వాతే ఇసుక, పొట్టు మిశ్రమం. వరిచేను మట్టి, పెరటి మట్టి, వర్మీకంపోస్టు ఈ దశలో ఏవీ వద్దు. వేరు లేని కొమ్మకు ఎరువుతో పనిలేదు, బూజుకే ఉంది.

కుండీ సంగతి. 6 అంగుళాల మట్టి కుండీలో ఆరు నుంచి ఎనిమిది ముక్కలు, గోడకు ఆనేలా చుట్టూ గుచ్చండి. మట్టి గోడ గాలి పీలుస్తుంది కాబట్టి అంచున నాటినవి మధ్యలో నాటినవాటి కంటే ముందు వేరు పోస్తాయి. పల్చటి ట్రేలు వద్దు. ఏ పాత్రలోనైనా అడుగున ఒక అంగుళం మేర నీళ్లు దిగకుండా నిలుస్తాయి. లోతు కుండీలో కొమ్మ అడుగు ఆ తడికి పైన ఉంటుంది, పల్చటి ట్రేలో సరిగ్గా ఆ తడిలోనే ఉంటుంది. అడుగున గులకరాళ్లు పరిస్తే ఆ తడి పొర ఇంకాస్త పైకి జరుగుతుందే కానీ పోదు. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు. కుండీని రెండు ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి, కింద పళ్లెం పెట్టకండి.

పొడి రాయాలా, కవర్ కప్పాలా

వేరు పోయించే హార్మోన్ పొడి లేకపోయినా రోజ్‌మేరీ వేరు పోస్తుంది. పొడి రాస్తే వేళ్లు కొంచెం ముందు, అన్ని ముక్కలకూ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. డబ్బా మీద ఐబీఏ (వేరు పోయించే హార్మోన్ పేరుకు పొట్టి రూపం) అని, దోర కొమ్మలకు అని ఉన్నది తీసుకోండి. కొద్దిగా కాగితం మీద పోసుకుని, అర అంగుళం మేర అద్ది, తట్టి దులిపేయండి. ఎక్కువ అంటితే మేలు కాదు, అడుగు మాడినట్టవుతుంది. కలబంద గుజ్జు, తేనె రాయమని చెబుతారు. మన ఉక్కలో ఆ జిగురు, తీపి బూజుకి మేత. పొడి లేకపోతే ఏమీ రాయకుండానే నాటండి.

నాటేటప్పుడు కొమ్మనే ఇసుకలోకి పొడవకండి, పొడి రాలిపోతుంది, కోసిన అంచు చితుకుతుంది. చీపురు పుల్లల కంటే కాస్త లావున్న పుల్లతో రెండు అంగుళాల గుంట చేసి, అందులో దించి, చుట్టూ వేలితో అదమండి.

కవర్ విషయంలో మా మాట సూటిగా చెబుతున్నాం: డెల్టాలో వద్దు. రోజ్‌మేరీ ఆకును తిప్పి చూడండి. అంచులు లోపలికి ముడుచుకుని, మధ్యలో తెల్లటి నూగు ఉంటుంది. పొడి నేలలో తడి పోకుండా కాపాడుకోవడానికి అది ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు. కవర్ లోపల ఆవిరి చేరితే ఆ ముడతల్లో నీటి బొట్లు ఇరుక్కుని ఆరవు. నాలుగు రోజులకు ఆకులు నల్లబడి రాలతాయి. ఏసీ గదిలో పెట్టే వాళ్లయితే అడుగు కోసిన నీళ్ల సీసాను, మూత తీసి, పగలు మాత్రమే బోర్లించవచ్చు. అరుగు మీద ఉన్న కుండీకి అదీ అక్కర్లేదు.

ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని నీళ్లు

స్వాతి కార్తె వానలు, తుపాన్ల భయం వెనక్కి తగ్గిన నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా సరైన కాలం. అప్పుడు మన దగ్గర పగలు 28, 30 డిగ్రీలు, రాత్రి 18, 20 చుట్టూ ఉంటుంది. రోజ్‌మేరీ వేరు పోయడానికి కోరుకునే వేడి ఇంచుమించు ఇదే. ఫిబ్రవరి చివర్లో నాటితే వేరు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, రోహిణి కార్తె నాటికి మొక్క నిలదొక్కుకోదు. జూలైలో నాటితే సగం ముక్కలు ముసురులోనే పోతాయి.

తూర్పు అరుగు మంచి చోటు. పొద్దుటి ఎండ గంటో రెండు గంటలో తగిలి, తర్వాత వెలుతురు మాత్రమే ఉండాలి. నాటిన రోజు కుండీ అడుగు నుంచి కారేదాకా ఒకసారి నీళ్లు పోయండి. ఆ తర్వాత వేలు దించి చూస్తే పై అంగుళం పొడిగా తగిలినప్పుడే. డిసెంబరులో ఇది మూడు నాలుగు రోజులకోసారి వస్తుంది. ఇంకా నమ్మకమైన పద్ధతి కుండీని ఎత్తి చూడటం. నాలుగు రోజులు ఎత్తితే బరువు తేడా చేతికే తెలిసిపోతుంది. తీరం వైపు, చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ముదిరిన రోజ్‌మేరీ సముద్రపు గాలిని తట్టుకుంటుంది కానీ వేరు లేని కొమ్మ ఉప్పు నీటిని తట్టుకోలేదు. అక్కడ వాన నీళ్లో, తాగే నీళ్లో వాడండి.

ఎక్కడ చెడుతుంది

మొదటి రెండు రోజుల్లోనే కొస వాలిపోతే ముక్క మరీ లేత. అది మళ్లీ లేవదు, తీసేయండి. అడుగు నుంచి నలుపు పైకి పాకుతుంటే తడి ఎక్కువైంది. నల్లబడిన ముక్కను పక్కవాటికి తగలకుండా పీకి, కుండీని రెండు రోజులు నీళ్లు లేకుండా గాలికి పెట్టండి. ఇసుక పైన పచ్చటి పాచి కనిపించినా అదే హెచ్చరిక. ఆకులు బూడిద రంగులో గలగలలాడుతూ రాలుతున్నా కాండం పచ్చగా ఉంటే, నీళ్లు తక్కువయ్యాయి లేదా ఎండ ఎక్కువ తగిలింది. ఆకుల మీద ముగ్గు చల్లినట్టు తెల్లటి పొర ఉంటే బూడిద తెగులు. ముక్కల మధ్య ఎడం పెంచి గాలి ఆడే చోటికి మార్చాలి.

ఇంకో సంగతి. మూడో వారంలో పైన కొత్త చిగురు కనబడగానే వేరు వచ్చిందనుకుని పీకి చూస్తారు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చేది, వేరుకు గుర్తు కాదు. అప్పటికి అడుగున తెల్లటి గడ్డ మాత్రమే కట్టి ఉండవచ్చు, వేళ్లు దాని చుట్టుపక్కల నుంచి ఇంకో వారానికో రెండు వారాలకో వస్తాయి. ఐదో వారం దాకా ముట్టుకోకండి. తర్వాత రెండు వేళ్లతో పట్టి మెల్లగా పైకి లాగితే ఇసుక ఎదురు లాగినట్టు ఉండాలి.

వేరు వచ్చాక

కొమ్మను పట్టి పీకకుండా, కుండీ మొత్తం తడిపి, చెయ్యి అడ్డం పెట్టి బోర్లించి, ఇసుక విడదీయండి. ఒక్కొక్కటీ 4 అంగుళాల కుండీలోకి, రెండు మూడు నెలల తర్వాత 8 అంగుళాల దానిలోకి. మట్టి కుండీనే వాడండి. ప్లాస్టిక్‌ది తేలికే, కానీ వానాకాలంలో దాని లోపల తడి ఆరదు. మిశ్రమం: ఇసుక రెండు పాళ్లు, నల్ల ఊక ఒక పాలు, తోట మట్టి ఒక పాలు, మాగిన వర్మీకంపోస్టు అర పాలు. లంక మట్టి దొరికితే నల్లమట్టి కంటే అదే నయం. సున్నం, గుడ్డు పెంకులు కలపాల్సిన పని లేదు.

పది రోజుల్లో కొద్దికొద్దిగా ఎండకు జరుపుతూ, చివరికి రోజుకి ఆరు గంటల ఎండ తగిలేలా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండు దాటాక నీడ కావాలి. ఎత్తు 6 అంగుళాలు దాటాక కొస గిల్లితే పక్క కొమ్మలు వస్తాయి. ఎరువు రెండు నెలలకో గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. యూరియా వేస్తే కొమ్మలు సాగి మెత్తబడతాయి, వాసన తగ్గుతుంది.

జూన్ నుంచి కుండీ చూరు కిందికి రావాలి, ఎండ వస్తే బయటికి వెళ్లాలి. వానాకాలంలో రోజ్‌మేరీకి నీళ్లు పోయడం ఒకటి రెండు సార్లు మర్చిపోయినా నష్టం లేదు. కోసుకునేటప్పుడు ఒకసారికి మొక్కలో మూడో వంతు మించి తీయకండి, ఆకు ఉన్న భాగంలోనే కోయండి. ఆకు రాలిపోయిన పాత గోధుమ కొమ్మ దాకా కోస్తే అక్కడి నుంచి మళ్లీ చిగురు రాదు.